మొదలు, అభయం, పేరు: తాటిపాక పరిసరాలలో స్వయం వ్యాపారారంభ చరిత్ర

కోనసీమ పశ్చిమ భాగంలో వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య, దక్షిణాన సముద్రం హద్దుగా ఒక ద్వీపభూమి ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు నీటిపారుదల రచనలు దీనిని నగరం ద్వీపం అన్నాయి. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా రాజోలు మండలంలోని తాటిపాక ఈ భూభాగంలోని ప్రధానమైన కూడళ్లలో ఒకటి. కొబ్బరితోటలు, వరిచేలు, చమురు శుద్ధి కర్మాగారం, గల్ఫ్ దేశాల నుంచి వచ్చే సొమ్ము, జాతీయ రహదారి వెంట వరుసకట్టిన కొట్లు అన్నీ ఇక్కడ కొద్దిపాటి దూరంలోనే కనిపిస్తాయి. చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూడక సొంతంగా వ్యాపారం ఆరంభించాలనే యువతకు నేడు ప్రభుత్వాలు, బ్యాంకులు, కళాశాలలు ప్రోత్సాహవచనాలు చెబుతున్నాయి. ఆ వచనాలలో ఈ ప్రయత్నం పూర్తిగా కొత్త తరానిదన్న భావనా, కావలసినది ధైర్యం, ఆలోచన మాత్రమేనన్న భావనా అంతర్లీనంగా ఉన్నాయి. గోదావరి డెల్టా చరిత్ర ఈ రెండు భావనలనూ సమర్థించదు. వారసత్వంగా వర్తకం లేనివారు వ్యాపారం ఆరంభించగలిగిన ప్రతి ఘట్టంలోనూ వారి సాహసం వెనుక ఏదో ఒక సామాజిక వసతి నిలిచి ఉంది. ఆ వసతి ఎవరికి అందింది, నష్టం ఎవరి మీద పడింది, ఫలం ఎవరి పేరున నిలిచింది అన్న మూడు ప్రశ్నల ఆధారంగా ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. మాట చెప్పే చరిత్ర

వ్యాపారారంభానికి తెలుగులో వాడుకలో ఉన్న మాట ‘మొదలుపెట్టడం’. ‘మొదలు’ అనే పదానికి ఆరంభం, చెట్టు బోదె, మూలధనం అనే మూడు అర్థాలూ ఉన్నాయి. వ్యాపారంలో లాభం రాకపోగా పెట్టిన సొమ్ము కూడా పోయినప్పుడు ‘మొదలుకే మోసం వచ్చింది’ అనడం నేటికీ వినిపించే మాటే. తమిళంలోని ‘ముదల్’ శబ్దానికీ ఇదే అర్థవిస్తృతి ఉంది. పెట్టుబడిదారును చెప్పే ‘ముదలాళి’ దాని నుంచే ఏర్పడింది. అంటే ఆరంభాన్నీ మూలధనాన్నీ వేరు చేయని ఊహ దక్షిణాది భాషలలో లోతుగా పాతుకొని ఉంది. మొదలు లేనివాడు మొదలుపెట్టలేడు అన్న లోకానుభవం ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

ఇటీవలి పత్రికాభాషలో ‘స్టార్టప్’ అనే మాటకు సమానార్థకంగా ‘అంకుర సంస్థ’ స్థిరపడింది. ఇది అందమైన కల్పన. అయితే దీనిలో ఆరంభం మిగిలి, మూలధనం అన్న అర్థం జారిపోయింది. అంకురం తనంతట తానే పైకి వస్తుందన్న భావన కలుగుతుంది గాని, నేల ఎవరిది, నీరు ఎవరు పెట్టారు అన్న ప్రశ్న రాదు. ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అన్న పదబంధం కూడా ఉత్సాహాన్నే ప్రధానం చేస్తుంది. పాత మాట పెట్టుబడిని గుర్తుచేస్తే, కొత్త మాటలు మనఃస్థితిని గుర్తుచేస్తాయి. ఈ మార్పు అనువాద సౌకర్యానికి మాత్రమే సంబంధించినది కాదు. వ్యాపారారంభపు భారాన్ని సమాజం నుంచి వ్యక్తి మీదికి జరిపే ఆలోచనకు అది భాషలో కనిపించే గుర్తు.

మొదలుకు తోడుగా మరొక పాత మాటను కూడా ఇక్కడ గ్రహించవలసి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ‘అభయశాసనం’గా తెలుగు చరిత్రలో ప్రసిద్ధం. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు పాలకులు స్వాధీనం చేసుకునేవారని, తాను ఆ పద్ధతి విడిచి నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు దానిలో సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. వర్తకులకు ఓడలూ సరకూ ధైర్యమూ ముందే ఉన్నాయి. నష్టం వచ్చిన వేళ రాజు చేతిలో మరొక నష్టం జరగదన్న భరోసా ఒక్కటే వారికి కొరవడింది. మొదలు ఉన్నా అభయం లేకపోతే వ్యాపారం సాగదని ఆ పాలకుడు గుర్తించాడు. తీరాంధ్ర వాణిజ్యచరిత్రలో ఈ గుర్తింపు విలువ పన్నుల లెక్కకు మించినది.

2. కాలువ వచ్చిన తరువాత

తాటిపాక పరిసరాల ఆధునిక ఆర్థిక చరిత్ర నీటితోనే ఆరంభమవుతుంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అయితే ఆనకట్ట నీరు నగరం ద్వీపానికి చేరాలంటే వైనతేయను దాటాలి. అందుకోసం గన్నవరం వద్ద 49 కమానులతో నిర్మించిన అక్విడక్టు 1853 నాటికి సిద్ధమైంది. నదికి అడ్డంగా, నది మీదుగానే, మరొక నీటిదారి నడవడం ఆనాటివారికి అబ్బురమనిపించి ఉంటుంది. పంటకాలువలు సాగునీటితోపాటు పడవల రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. ధాన్యం, కొబ్బరికాయలు, అరటిగెలలు ఊరి రేవు నుంచి పట్నపు రేవుకు చేరే మార్గం ఏర్పడింది.

కాలువ అందరికీ ఒకే విధంగా అందలేదు. భూమి ఉన్నవారికి పంట ద్వారా మొదలు చేకూరింది. ధాన్యం, కొబ్బరి కొని నిలువచేసి అమ్మగల షాహుకార్లు, బయానాలిచ్చి తోటల కాయను ముందుగానే తమ చేతికి తెచ్చుకోగల వర్తకులు బలపడ్డారు. దింపు కార్మికునికి, ఒలుపు కార్మికునికి కూలి పెరిగినా వ్యాపారంలో భాగం రాలేదు. కొబ్బరి వ్యాపారం కాయతో ముగిసేది కాదు. కురిడీ, నూనె, పీచు, తాడు, చిప్ప, ఆకు ఇలా ప్రతి భాగానికీ వేరువేరు గిరాకీ ఉంది. అంబాజీపేట కొబ్బరి విపణిగా పేరు పొందింది. అయినా చెట్టు మొదలు ఎవరిదో వ్యాపారపు మొదలు కూడా ఎక్కువగా వారిదే అయింది. భూమి లేని యువకుడు ఈ వలయంలోకి వర్తకునిగా ప్రవేశించే దారి చాలా ఇరుకుగా ఉండేది.

3. ఊరు విడిచిన ఆరంభం

ఆ ఇరుకుదనం వల్ల పంతొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో విద్యావంతులైన తెలుగు యువకులకు రెండు మార్గాలు కనిపించాయి. ఒకటి అక్షరాన్నే వృత్తిగా చేసుకోవడం. రెండవది దూరనగరాలకు పోవడం. మొదటిదానికి కందుకూరి వీరేశలింగం ఉదాహరణ. 1848లో జన్మించిన ఆయన 1874లో వివేకవర్ధనిని ఆరంభించేనాటికి వయసు ఇరవై ఆరు. మొదట చెన్నపట్నంలో అచ్చయిన పత్రికకు తరువాత గోదావరి తీరంలోనే సొంత ముద్రణాలయం సమకూరింది. ఆయనను సంఘసంస్కర్తగా స్మరించే సాహిత్యచరిత్ర, అచ్చుయంత్రం కొనడం, చందాలు రాబట్టడం, కాగితం సమకూర్చడం వంటి వర్తకపు పనులను కూడా ఆ యువకుడు చేయవలసివచ్చిందన్న సంగతిని పక్కన పెడుతుంది. సంస్కరణోద్యమం నిలవడానికి ముద్రణాలయం నిలవాలి. ముద్రణాలయం నిలవడానికి లెక్కలు కుదరాలి.

రెండవ మార్గానికి కాశీనాథుని నాగేశ్వరరావు ఉదాహరణ. కృష్ణాజిల్లాలో 1867లో జన్మించిన ఆయన కలకత్తా, బొంబాయి నగరాలలో మందుల వర్తకంతో పరిచయం సంపాదించి, 1893లో బొంబాయిలో అమృతాంజనం ఆరంభించారు. సభలలో, సంగీత కచేరీలలో ఉచితంగా పంచి ప్రజలకు దానిని పరిచయం చేశారన్నది ప్రసిద్ధ కథనం. ఆ వ్యాపారపు రాబడి 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడడానికి ఆధారమైంది. 1914లో అది చెన్నపట్నంలో దినపత్రికగా మారింది. 1924లో భారతి వచ్చింది. ఆ తరువాత ఆంధ్రగ్రంథమాల వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది తెలుగు పరిశోధనలో గణనీయమైన భాగం వెలుగు చూసిన పత్రికకు ఒక తలనొప్పి మందు పెట్టుబడి కావడం తెలుగు సాహిత్యచరిత్రకారులు ఇంకా లోతుగా ఆలోచించవలసిన విషయం.

ఈ రెండు ఉదాహరణలు గొప్పవే. అయితే నాగేశ్వరరావు జీవితం మరొక సంగతిని కూడా సూచిస్తుంది. తెలుగు జిల్లాలో పుట్టిన యువకుడు తన ఆలోచనకు తగిన విపణి, రుణం, పరిచయాలు దొరకాలంటే బొంబాయికి పోవలసివచ్చింది. ఆంధ్రదేశంలో తెలివితేటల కొరత లేదు. ఆ తెలివితేటలు వర్తకంగా మారడానికి అవసరమైన వసతి మాత్రం ఇక్కడ కొరవడింది.

4. ఊరు విడువని ఆరంభం: లేసు

తాటిపాకకు పశ్చిమాన, వసిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురం ఉంది. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు ఎక్కి నది దాటడం ఈ ప్రాంతీయులకు నిత్యానుభవం. ఈ రెండు ఒడ్లలోనూ వ్యాపించిన లేసు అల్లిక పరిశ్రమ, ఊరు విడిచిపోకుండానే ప్రపంచ విపణిని అందుకున్న వ్యాపారారంభానికి అరుదైన ఉదాహరణ.

1840లలో నరసాపురానికి వచ్చిన స్కాట్లాండు మిషనరీ దంపతులలో మెక్రే దొరసాని బాలికలకు లేసు అల్లిక నేర్పడంతో ఈ కథ ఆరంభమవుతుంది. అల్లికసూది, నూలు, చేతినైపుణ్యం ఉంటే చాలు. భూమి అక్కరలేదు, యంత్రం అక్కరలేదు, దుకాణం అక్కరలేదు. అల్లిన లేసు మొదట మిషనరీల పరిచయస్థులకు కానుకగా, తరువాత అమ్మకపు సరకుగా సముద్రం దాటింది. 1900 ప్రాంతంలో జోనా, జోసెఫ్ అనే స్థానికులు లేసు ఎగుమతిని స్వతంత్ర వ్యాపారంగా ఆరంభించినట్లు ఈ పరిశ్రమపై విశిష్టమైన పరిశోధన చేసిన జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ నమోదు చేసింది. వర్తక కుటుంబాల పరంపరకు వెలుపల ఉన్నవారు ఎగుమతిదారులు కావడం ఆనాటికి సామాన్య విషయం కాదు.

ఇది ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు వ్యక్తుల చొరవ ఒక్కటే జవాబు కాదు. లేసు బరువు తక్కువ, విలువ ఎక్కువ. అటువంటి సరకుకు తపాలా వ్యవస్థ సరిగ్గా సరిపోతుంది. భారతదేశంలో 1877లో వి.పి.పి. పద్ధతి, 1880లో మనియార్డరు పద్ధతి వచ్చాయి. కొనేవాడు, అమ్మేవాడు ఒకరినొకరు చూడకుండానే సరకు, సొమ్ము చేతులు మారే నమ్మకమైన మార్గం చిన్న ఊరి తపాలాకచేరికి చేరింది. మోటుపల్లి శాసనం సముద్రవర్తకునికి ఇచ్చిన అభయాన్ని, ఆరున్నర శతాబ్దాల తరువాత తపాలా రసీదు చిన్న వర్తకునికి మరొక రూపంలో ఇచ్చిందని చెప్పవచ్చు. నగరానికి పోలేని యువకునికి నగరం తపాలా సంచిలో చేరువైంది. రైలు వసిష్ఠ ఒడ్డున నరసాపురం వరకు వచ్చి ఆగిపోయినా, తపాలా నది దాటింది.

అయితే లేసు చరిత్రలో రెండవ ముఖం కూడా ఉంది. మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం ఆ ముఖాన్ని ప్రపంచం ముందు పెట్టింది. అల్లేవారు స్త్రీలు. రోజులో అనేక గంటలు అల్లినా వారిని ‘ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు’గానే గుర్తించారు. వారి శ్రమను తీరికవేళ కాలక్షేపంగా లెక్కించారు గనుక కూలి కూడా ఆ లెక్కలోనే నిర్ణయమైంది. పని ముక్కలైంది. ఒకరు పువ్వు అల్లితే మరొకరు అంచు కడతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు. పూర్తి వస్తువు ఎవరి చేతిలోనూ తయారుకాదు కనుక దానిని నేరుగా అమ్ముకొనే అవకాశం కూడా ఎవరికీ మిగలలేదు. నమూనా, నూలు, అంతిమ రూపం, కొనుగోలుదారు చిరునామా అన్నీ ఎగుమతిదారు దగ్గరే ఉన్నాయి. మొదట నేర్చుకున్నవారు బాలికలు. వ్యాపారులైనవారు పురుషులు. నైపుణ్యం ఒకరి మొదలు, పేరు మరొకరిది అయింది. మీస్ ఈ ప్రక్రియను స్త్రీశ్రమ ‘గృహిణీకరణ’ చెందడంగా సిద్ధాంతీకరించింది. అంతర్జాతీయ స్త్రీవాద అర్థశాస్త్రంలో ఈ భావన ప్రతిష్ఠ పొందడానికి గోదావరి డెల్టా గ్రామాలు ఆధారమయ్యాయి. ఆ గ్రామాల భాషలో ఈ చర్చ జరగవలసినంతగా జరగలేదు.

5. రత్నం కలం: వేరొక దారి

ఇదే డెల్టాకు తలమానికమైన రాజమహేంద్రవరంలో 1930లలో మరొక విధమైన ఆరంభం జరిగింది. కె.వి. రత్నం స్వదేశీ ఫౌంటెన్ పెన్ను తయారీకి పూనుకున్నారు. లోహపు అచ్చుల పనిలోని నేర్పు ఆయనకు మొదలు. విదేశీ కలాలకు మంచి ప్రత్యామ్నాయమని మెచ్చుకుంటూ గాంధీ 1935 జులై 16న వార్ధా నుంచి రాసిన లేఖ ఆ సంస్థకు శాశ్వతమైన ప్రతిష్ఠను ఇచ్చింది. 1934లో ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘం, దాని నిర్వాహకుడు జె.సి. కుమారప్ప ఈ ప్రయత్నానికి, గాంధీకి మధ్య వారధిగా నిలిచారు.

లేసుతో పోల్చినప్పుడు ఇక్కడ రెండు భేదాలు స్పష్టమవుతాయి. ఒకటి, తయారుచేసిన చేయి, పేరు పొందిన చేయి రత్నం విషయంలో ఒకటే. కలం మీద చెక్కిన పేరు తయారీదారునిదే. రెండు, ఆ చిన్న కర్మాగారానికి స్వదేశీ ఉద్యమం విపణిని సిద్ధం చేసింది. విదేశీ వస్తుబహిష్కరణ పాటించే వేలాది పాఠకులు, గుమాస్తాలు, న్యాయవాదులు కొనుగోలుదారులుగా లేకపోతే ఎంతటి పనితనమైనా నిలవడం కష్టం. తపాలా లేసుకు ఇచ్చిన వసతిని, జాతీయోద్యమం కలానికి ఇచ్చింది. రెండుచోట్లా వ్యక్తి కృషి నిజమే. రెండుచోట్లా ఆ కృషి నిలబడిన అరుగు ఉమ్మడి సొత్తు.

6. చమురు, వంతెన, గల్ఫ్ సొమ్ము

ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాలలో తాటిపాక పేరు జాతీయస్థాయిలో వినిపించడానికి చమురు, సహజవాయువు కారణమయ్యాయి. ఓఎన్‌జీసీ 2001లో ఇక్కడ ఆరంభించిన చిన్న శుద్ధి కర్మాగారం వార్షిక సామర్థ్యం సుమారు 66,000 టన్నులు. దేశంలోని శుద్ధి కర్మాగారాలలో ఇది అతి చిన్నది. పెట్టుబడి అధికంగా, మనుషుల అవసరం స్వల్పంగా ఉండే పరిశ్రమ స్వభావం వల్ల, స్థానిక యువతకు దీని నుంచి లభించే అవకాశాలు ఎక్కువగా రవాణా, భోజనశాలలు, చిన్న కాంట్రాక్టు పనుల రూపంలోనే ఉంటాయి. అంటే పెద్ద పరిశ్రమ కూడా చిన్న వ్యాపారం ద్వారానే ఊరికి చేరుతుంది.

ఆ చిన్న వ్యాపారం ఎంత అభయరహితమో రెండు ప్రమాదాలు చూపాయి. 1995 జనవరి 8న సమీపంలోని పాశర్లపూడి వద్ద చమురుబావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాకకు చేరువలోని నగరం గ్రామంలో గెయిల్ వాయుగొట్టం పేలి ఇరవైమందికి పైగా మరణించారు. ఇళ్లతోపాటు కొట్లు, హోటళ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. ఈ రెండు సంఘటనల నడుమ, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చింది. కొబ్బరిచెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోట మీద ఆధారపడిన పీచు, తాడు, కురిడీ వ్యాపారాలు కూడా అన్నేళ్లూ వేచి ఉండాలి. అంతటి విరామాన్ని భరించగల మొదలు కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవారికి ఉండదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించడంతో, వ్యవసాయమే మొదలుగా భావించిన పాత లెక్క కూడా కదిలిపోయింది.

మరొకవైపు రెండు మార్పులు కొత్త దారులు తెరిచాయి. బోడసకుర్రు–పాశర్లపూడి, దిండి–చించినాడ వంతెనలు వైనతేయ, వసిష్ఠ పాయలను కలపడంతో నగరం ద్వీపం ద్వీపంగా ఉండే రోజులు పోయాయి. పంటు వేళలకు లోబడిన సరకు లారీ వేళలకు మారింది. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం మాత్రం నేటికీ నిర్మాణంలోనే ఉంది. రెండవ మార్పు గల్ఫ్ వలస. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవారిలో ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారు పంపిన సొమ్ము పిల్లల చదువుగా, ఇల్లుగా, బంగారంగా, కొన్నిచోట్ల ఆటోగా, సెల్‌ఫోన్ కొట్టుగా, దుస్తుల దుకాణంగా మారింది. కూడలిలో కొత్తగా వెలసిన కొట్టు మీద కుమారుని పేరో సోదరుని పేరో కనిపిస్తుంది. ఆ కొట్టుకు మొదలు పెట్టిన స్త్రీ మరో దేశంలో, మరొకరి వంటగదిలో ఉంటుంది. లేసు కాలపు విభజన కొత్త రూపంలో కొనసాగుతున్నదని దీనివల్ల తెలుస్తుంది.

7. పథకాలు నిర్వచించిన యువత

స్వతంత్ర భారత ప్రభుత్వాలు మొదలు సమస్యను గుర్తించాయి. 1982లో ఆరంభమైన డ్వాక్రా గ్రామీణ స్త్రీలకు సామూహిక రుణమార్గం చూపింది. 1993 అక్టోబరు 2న వచ్చిన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన 18 నుంచి 35 ఏళ్ల విద్యావంతులైన నిరుద్యోగులను లక్ష్యంగా చేసుకుంది. 2008లో అది మరొక పథకంతో కలిసి ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంగా మారింది. 2015లో వచ్చిన ముద్రా పథకం తనఖా లేకుండా చిన్నరుణాలు ఇవ్వడం ఆరంభించింది. దానిలో అన్నిటికన్నా చిన్నదైన శిశు విభాగం పరిమితి 50,000 రూపాయలు. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా ఆరంభమైంది.

ఈ పథకాల క్రమంలో ఒక అర్థభేదం గమనార్హం. డ్వాక్రా సమూహాన్ని, రోజ్‌గార్ యోజన నిరుద్యోగిని, ముద్రా చిన్నవర్తకుని ఉద్దేశించగా, స్టార్టప్ ఇండియా నూతన ఆవిష్కరణ గల నమోదిత సంస్థను ఉద్దేశించింది. కంపెనీగానో, నమోదైన భాగస్వామ్యంగానో లేని ఒంటరి యజమాని కొట్టు ఆ నిర్వచనంలోకి రాదు. తాటిపాక కూడలిలో పీచు తాళ్ల వ్యాపారమో, వాహనాల మరమ్మతు కొట్టో పెట్టిన యువకుడు స్వయం ఉపాధి పొందినవాడు అవుతాడు. నగరంలో అదే వయసువాడు అంతర్జాలంలో కొబ్బరినూనె అమ్మితే అంకుర సంస్థ స్థాపకుడు అవుతాడు. ఇద్దరి సాహసంలో భేదం లేదు, నమోదులోనే భేదం ఉంది. గౌరవం మాత్రం ఆ నమోదునే అనుసరిస్తుంది.

రుణపథకాలన్నిటికీ ఒక సమానమైన పరిమితి కూడా ఉంది. అవి మొదలు ఇస్తాయి, అభయం ఇవ్వవు. తుపాను వచ్చినా, ధర పడినా, గొట్టం పేలినా రుణం మాత్రం అలాగే ఉంటుంది. మొదటి ప్రయత్నంలో దెబ్బతిన్న యువకునికి రెండవ ప్రయత్నం చేసే అవకాశం కుటుంబ ఆస్తిని బట్టి నిర్ణయమవుతుంది. ఆస్తి ఉన్నవాని వైఫల్యం అనుభవంగా మిగులుతుంది. లేనివాని వైఫల్యం అప్పుగా మిగులుతుంది.

పేరు సమస్యను కొంతవరకు గుర్తించిన సాధనం భౌగోళిక గుర్తింపు. కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో ఇది లభించింది. బోర్లించిన కుండ మీద, బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డతో కాగితం కన్న పలుచని రేకు తీయడం స్త్రీల చేతిలోని విద్య. అయితే రేకు తీసేవారు వేరు, నెయ్యీ బెల్లమూ వేసి చుట్టి పెట్టెలో పెట్టి అమ్మేవారు వేరు కావడం ఇక్కడా సాధారణం. గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఊరిలో ఎవరి పేరును కాపాడాలన్నది ఉత్పత్తిదారుల సంఘాల నిర్మాణం మీద ఆధారపడుతుంది. అల్లే స్త్రీ, రేకు తీసే స్త్రీ ఆ సంఘాలలో వాటాదారులైనప్పుడే భౌగోళిక గుర్తింపు వారికి మొదలు అవుతుంది.

8. ఉపసంహారం

గన్నవరం అక్విడక్టు నుంచి ముద్రా రుణం వరకు సాగిన ఈ పరిశీలన వల్ల మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. మొదటిది, ఈ ప్రాంతంలో కొత్తవారికి వ్యాపారద్వారాలు తెరుచుకున్న ప్రతిసారీ కాలువ, తపాలా, జాతీయోద్యమం, వంతెన వంటి ఉమ్మడి వసతి ముందుగా ఏర్పడింది. రెండవది, ఆ వసతి మొదలును కొంతవరకు అందించినా, నష్టకాలపు అభయాన్ని అరుదుగానే ఇచ్చింది. మూడవది, చేతిపని చేసినవారు, సొమ్ము పంపినవారు వ్యాపారచరిత్రలో ఎక్కువగా పేరులేనివారుగా మిగిలారు. వారిలో అధికులు స్త్రీలు.

యువతను వ్యాపారానికి ప్రోత్సహించే ఏ ప్రయత్నమైనా ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోకపోతే, ధైర్యం చెప్పి నష్టాన్ని వారి మీదనే వదిలినట్లవుతుంది. తెలుగు పరిశోధకుల బాధ్యత కూడా ఇక్కడ ఉంది. వర్తక కుటుంబాల చిట్టాలు, ఆవర్జాలు, లేసు నమూనాల పుస్తకాలు, పాత తపాలా రసీదులు, దుకాణపు బోర్డుల మీది భాష, పంటు రేవుల జ్ఞాపకాలు, అల్లిక స్త్రీల మాటలు, దింపు, ఒలుపు, అతుకుపని వంటి వృత్తిపదాలు ఇంకా సేకరణకు అందుబాటులో ఉన్నాయి. సాహిత్యచరిత్ర వీరేశలింగాన్ని ముద్రాపకునిగా, నాగేశ్వరరావును వర్తకునిగా కూడా చదవగలిగినప్పుడు, తాటిపాక కూడలిలోని కొట్టు కూడా తెలుగు చరిత్రకు ఆధారపత్రంగా కనిపిస్తుంది. ఆ కొట్టుకు మొదలు ఎవరిది, అభయం ఎవరిది, పేరు ఎవరిది అని అడగడంతోనే ఆ పరిశోధన ఆరంభం కావాలి.